ఆచంద్రార్కమును ముప్పదేండ్లును

నేను సింగపూరులోని క్లెమెంటిలో కాపురము పెట్టిన తొలివారముననే శ్రీకాకుళము నుండి మా అమ్మ ఫోను చేసి, ఇల్లెట్లున్నది, ఉద్యోగమెట్లున్నది అని అడుగుటకు ముందే, "ఒరే బాబూ, ఆ ఊళ్లో పాత గుడేటైనా ఉందేట్రా?" అని అడిగినది. ఆమె పుట్టినిల్లు ముఖలింగము. వంశధార ఒడ్డున, వేయేండ్లకు పైబడిన మధుకేశ్వరాలయపు ప్రాకారమును ఆనుకొని ఆడి పెరిగిన మనిషి గనుక, పాతగుడి లేని ఊరు ఆమె లెక్కలో ఊరు కాదు. బస్సు మారుటకు దిగిన చోటు మాత్రమే. నేను కిటికీలో నుండి చూచితిని. మాది పదునొకండవ అంతస్తు. ఎదుట ఒకే మూసలో పోతపోసినట్లున్న ఎత్తైన భవనములు, వాని పక్కగోడల మీద దూరమునకు కనబడునట్లు పెద్ద అంకెలతో వ్రాసిన నంబరులు, వాని నడుమ గొడుగులవలె విచ్చుకొన్న నిద్రగన్నేరు చెట్లు, ఆ వెనుక స్తంభముల మీద పరుగెత్తు రైలు. "చూసి చెబుతానమ్మా" అంటిని. ఆ ఒక్క మాట నన్ను ఈ దీవి అంతయు త్రిప్పినది.

క్లెమెంటి నాకన్న వయసున చిన్నది. పూర్వమిచట తోటలును, చిత్తడినేలలును, మలయులు కంపుంగులని పిలుచు పల్లెలును ఉండెడివి, ప్రజలందరు హెచ్.డి.బి. అని పిలుచుకొను గృహనిర్మాణ సంస్థ 1970ల ఉత్తరార్ధమున ఆ నేలను చదునుచేసి ఈ కొత్త పట్టణమును లేపినది. ఊరిపేరు తెల్లదొరల కాలమునాటి గవర్నరు వంశనామము. 1988లో రైలు వచ్చినది. ఇంతకు మించి స్థలపురాణము లేదు. నేనుండు ఇల్లు సర్కారు వారి 99 ఏండ్ల కౌలు నేలమీద నిలిచినది, అందు నలువది ఏండ్లకు పైగా అప్పుడే కరగిపోయినవి. ఇంటి యజమానితో నా ఒప్పందమునకు రెండేండ్ల గడువు. ఈ దేశమున నేనుండుటకు ప్రభుత్వము దయచేసిన పాసునకు మరియొక గడువు. ఉల్లిపొరల వలె గడువులో గడువు, దానిలో మరియొక గడువు. అన్నిటికన్న లోపల నేను. పరదేశములో ఉద్యోగము చేయువానికి ఇది వింత కాదు, కాని ఒక సాయంకాలము మా భవనములోనే ఐదవ అంతస్తున నివసించు తమిళ పెద్దమనిషి ఒకరు లిఫ్టు కొఱకు నిలుచున్న నాతో మాటల సందర్భమున, ఈ ఊళ్లో కొత్తగా గుడికి గాని మసీదుకు గాని నేల కావలెనన్న సాధారణముగా 30 ఏండ్ల కౌలుకే దొరకునని చెప్పినప్పుడు మాత్రము నా మనసు ఒక్కసారి తత్తరపడినది.

ఎందుకనగా, నేను వచ్చిన నేల మీద గుడికి నేల ఇచ్చిన ప్రతి రాజును, ప్రతి రాణియు, ప్రతి చిన్న సామంతుడును రాతిమీద చెక్కించిన మాట ఒక్కటే: ఆచంద్రార్కము. సూర్యచంద్రులున్నంతవరకు ఈ నేల దేవునిది. ఈ అఖండదీపము ఆరరాదు. ఈ దానమును హరించినవాడు అరువది వేలయేండ్లు మలములో పురుగై పుట్టును. మధుకేశ్వరుని గోడల మీద ఆ శాసనములను చిన్ననాడు నేను వ్రేళ్లతో తడవి ఆడుకొన్నవాడను, చదువ రాకున్నను. దేవునికి కాలపరిమితి యనునది ఉండునని ఆ గోడల నీడలో పెరిగిన వానికి తోచదు. ముప్పదేండ్లనగా ఒక తరము మాత్రమే. పిల్ల పుట్టి, పెరిగి, తన పిల్లను ఉయ్యెలలో వేయునంత కాలము. ఆ తరువాత స్వామి ఎక్కడికి పోవలెను? ఈ ప్రశ్నను వెంటపెట్టుకొనియే నా ఆదివారముల తిరుగుడు మొదలైనది.

మొదట దగ్గరలోనిది చూచితిని. క్లెమెంటి నుండి మూడవ స్టేషను కామన్‌వెల్తు. కాని నేను రైలెక్కక, పాత రైలుదారి పట్టుకొని నడచితిని. మలయా రైల్వే వారి రైళ్లు 2011 జూను 30 వరకు ఈ దీవి నడుమగా దక్షిణపు కొసనున్న తంజోంగ్ పాగార్ స్టేషను దాక నడచెడివి. ఆ తరువాత పట్టాలు పెరికివేసి, ఆ 24 కిలోమీటర్ల దారిని జనులు నడచుటకు విడిచిపెట్టినారు. ఇరుప్రక్కల రెల్లువలె పెరిగిన గడ్డి, పైన గుబురుగా అల్లుకొన్న తీగలు. భవనముల నడుమ ఇంత పొడుగున పచ్చని మౌనమొకటి మిగిలియున్నదని నమ్ముట కష్టము. ఈ పట్టాల కొఱకు పనిచేసిన దక్షిణభారతపు కూలీలు 1932 ప్రాంతమున క్వీన్స్‌వే దగ్గర రైలుదారి పక్కన ఒక పాక వేసి, అందు మునీశ్వరుని నిలుపుకొనిరి. మన పోతురాజు వంటివాడు ఆ స్వామి. ఊరి పొలిమేర కాచువాడు, చీకటిలో దారి నడచువానికి తోడు వచ్చువాడు. రైలుదారిలో పనిచేయువానికి అంతకన్న కావలసిన దేవుడెవ్వడు? తరువాత రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చి ఆ చోటు పోయినది. స్వామి కామన్‌వెల్తు డ్రైవునకు తరలినాడు. 1998లో కుంభాభిషేకము జరిగినది. నేను చూచిన గుడి విశాలముగా, కాంతివంతముగా, నిన్న కట్టినట్లున్నది. ఎవరైన పాతగుడి యందురా దీనిని? నాలో ముఖలింగపు పిల్లవాడు అనడు. కాని గర్భగుడి ముందు నిలిచిన ముసలాయన ఒకడు తన తండ్రి ఆ పాకలో దీపము పెట్టెడివాడని నాతో చెప్పి, అట్లు చెప్పుచు తన కుడిచేతిని, ప్రమిదలో వత్తిని పైకి త్రోయునట్టి చిన్న కదలికతో కదిలించెను. ఆ వ్రేళ్ల కదలికకు వయసెంత? నాకు ఆ దినముననే మొదటి సందేహము పుట్టినది: గుడి వయస్సును నేను తప్పు చోట వెదకుచున్నానేమో అని.

అచ్చటికి కొన్ని అడుగుల దూరముననే, భవనముల నడుమ చిక్కుకొన్నట్లుగా, హక్కా చీనీయుల శ్మశానమును వారి పితృమందిరమును ఉన్నవి. రెండు డ్రాగనుల కొండ యని దాని పేరునకు అర్థము. 1887 నాటిది. ఒకప్పుడు కొండలు కొండలుగా వ్యాపించిన ఆ సమాధుల నేలను 1960లలో ఇండ్ల కొఱకు ప్రభుత్వము తీసికొనగా, మిగిలిన చిన్న చెక్కలో పెద్దల అస్థికలను మరల నిక్షేపించి, అన్నిటికిని ఒకే కొలతగల చిన్నరాళ్లను వరుసలుగా నిలిపినారు. బడిలో ప్రార్థనకు నిలిచిన పిల్లల వలె ఆ రాళ్లు. చుట్టును ఎత్తైన భవనముల వరండాలలో బట్టలు ఆరుచున్నవి. బ్రతికినవారి ఇండ్లును చనిపోయినవారి ఇండ్లును ఇక్కడ ఒకే వాస్తువు, ఒకే గడువు. నాకు ఆ దృశ్యము మొదట కఠినముగా తోచినది. రెండవసారి చూచునప్పటికి అందులో ఒక సమానత, ఒక మర్యాద కనబడినవి. మన ఊళ్లలో తాతల సమాధులు ముండ్లపొదలలో మునిగిపోవుట నేనెరుగుదును. ఇక్కడ ఆ రాళ్ల ముందు గడ్డి కోసి ఉన్నది.

తెలుగువాడు సింగపూరులో ఎక్కడ తిరిగినను చివరకు సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాసపెరుమాళ్ల సన్నిధికి చేరక తప్పదు. ఉగాదినాడు అక్కడ మన మాట వినవచ్చును. 1975లో ఏర్పడిన సింగపూరు తెలుగు సమాజము వారి కార్యక్రమముల నాడు ఆ వీధులలో గోంగూర మాటయు, అల్లుని మాటయు, అమెరికా వెళ్లిన కొడుకు మాటయు చెవినబడును. కాని నేను చెప్పదలచినది వేరు. 1851లో ఆ స్థలమును ఈస్టిండియా కంపెనీ వద్ద 26 రూపాయల 8 అణాలకు కొనిరి. ఈ అంకె నా మనసును ఎంతగా పట్టుకొన్నదో చెప్పలేను. ఏ రాజును తామ్రపత్రము వ్రాసి ఈయలేదు. ఏ మహామంత్రియు ధారపోయలేదు. వర్తకులును, పాలు పితుకువారును, బండ్లు తోలువారును నివసించు ఆ పేటలో, తామే పరదేశములో కుదురుకొనని ప్రవాసులు దేవుని కొఱకు ఎనిమిది అణాల దాక లెక్క కట్టి నేల కొనిరి! 1855లో ప్రతిష్ఠ. మొదట నరసింహ పెరుమాళ్ కోవిల్ అని పేరు. తరువాతి కాలమున శ్రీనివాసుని పేర ప్రసిద్ధమైనది. గోపురము 1966 నాటిది. 1978లో జాతీయస్మారకముగ ప్రకటించినారు. ఇటీవలి కుంభాభిషేకము 2018లో. ఆ గోపురము మీది దశావతారముల రంగులు చూచి, పురాతనమునకు ఇంత రంగు తగునా అని మన వైపు నుండి వచ్చిన చుట్టములు పెదవి విరుచుట నేను చూచితిని. నేనును ఒకప్పుడు విరిచినవాడనే. మన కంటికి పాతదనమనగా వెలిసిన రాయి, విరిగిన ముక్కు, గబ్బిలాల వాసన. ఇక్కడి గుడికి పండ్రెండేండ్లకొకసారి తమిళనాడు నుండి శిల్పులు పర్మిట్ల మీద వచ్చి, ప్రతి బొమ్మకును కన్ను దిద్ది, రంగు వేసి, గడువు తీరగనే తిరిగిపోవుదురు. దేవతలకు కండ్లు దిద్దువారును గడువు మీద వచ్చినవారే.

సౌత్ బ్రిడ్జి రోడ్డు మీది మారియమ్మ గుడి ఇంతకన్న పాతది. 1819లో రాఫిల్సు దొరతో పినాంగు నుండి వచ్చిన నారాయణ పిళ్లె యను నాతడు, ఇటుకల బట్టీ పెట్టి, ఇండ్లు కట్టించి, బట్టలమ్మి, 1827లో కర్రతోను తాటియాకుల వంటి ఆకులతోను ఈ గుడిని లేపెను. అంతకుముందు ఇచ్చిన ఒక స్థలములో పూజకు మంచినీరు దొరకక, మరియొకటి చూచి, మూడవదానిలో అమ్మవారు కుదురుకొన్నది. దక్షిణ భారతము నుండి వచ్చినవారిని మలయులు ఆనాడు 'క్లింగ్' అనెడివారు; చూలియా వీధికి 1920ల వరకు క్లింగ్ వీధియని పేరు. ఆ పదము ఇప్పుడు తిట్టుగా మారి, మర్యాదస్థులు నోట పలుకరు. కాని అది కళింగము నుండి పుట్టిన మాట యని పెద్దలు చెప్పుదురు. ఈ సంగతి మొదట విన్న రోజున నేను ఆ వీధి మలుపులో, బ్యాంకుల భవనముల నీడలో చాలసేపు నిలుచుంటిని. మా ఊరికి దగ్గరలోనే కళింగపట్నము. వంశధార సముద్రములో కలియు చోటు అది. ఒకప్పుడు ఓడలు నిలిచిన ఆ రేవులో ఇప్పుడు ఇసుకయు, దీపస్తంభమును, చేపల పడవలును తప్ప మరేమియు లేవు. దాని పేరు మాత్రము అలలమీద తేలి వచ్చి, ఇచ్చట ఒక వీధికి అంటుకొని, తరువాత తుడిచివేయబడినది. రాతి కట్టడములే నిలుచునని ఎవరన్నారు? పేరు ఓడ ఎక్కినది, రేవు ఇసుకలో పూడినది.

తెలోక్ ఆయెర్ వీధిలోని థియాన్ హోక్ కెంగ్ గుడిని గూర్చి ఎక్కువ చెప్పను. 1842లో పూర్తియైన ఆ మందిరము, సముద్రము దాటివచ్చిన చీనీయులు దిగగానే సముద్రమాతకు మ్రొక్కుకొన్న చోటు. సముద్రమును పూడ్చి నేల చేయుటచే నేడు అల యెక్కడో ఉన్నది, అమ్మవారు వీధిని చూచుచు కూర్చున్నది.

మా క్లెమెంటిలో జపానువారు ఎక్కువ. క్లెమెంటి రోడ్డు మీదనే వారి పిల్లల ప్రాథమిక పాఠశాల యొకటి ఉన్నది. ప్రొద్దుట పసుపుపచ్చని టోపీల పిల్లలతో బస్సులు పోవుచుండును. మా అంతస్తులోనే ఒక జపాను కుటుంబము మూడేండ్ల కొఱకు వచ్చి చేరినది. ఆ ఇల్లాలు నన్ను ఇంటిపేరుతో పిలిచి చివర 'సాన్' చేర్చును. మన గారు వంటిదే అది, కాని దానిని పలుకునప్పుడు ఆమె తల కొంచెము వంగును. ఒక శనివారము లిటిల్ ఇండియా నుండి నేను తెచ్చిన మల్లెదండను చూచి, ఏ గుడికి అని అడిగినది. మాట గుడుల మీదికి మళ్లినది. ఈ ఊళ్లో పాతగుడి కొఱకు వెదకుచున్నాననియు, దొరకినవన్నియు కొత్తగా నున్నవనియు నేనంటిని. ఆమె సౌమ్యముగా నవ్వి, తాను పుట్టిన ప్రాంతమునకు దగ్గరలో ఇసే యను పుణ్యక్షేత్రమున్నదని చెప్పినది.

ఇసే సంగతి నేను పుస్తకములలో చదివినదే. సూర్యదేవతయైన అమతెరాసు నెలవు అది. 690వ సంవత్సరము నుండి, ఇరువదేండ్లకొకసారి, పక్కపక్కనే ఉంచిన రెండు స్థలములలో ఒకదాని నుండి మరియొకదానికి గుడి మారును. అదే కొలత, అదే వాసము, అదే గడ్డికప్పు, కాని దేవదారు వంటి హినోకి మ్రాను మాత్రము కొత్తది. పాతగుడి దూలములను దేశములోని ఇతర గుడులకు పంచిపెట్టుదురు. 2013లో జరిగినది 62వ మారు; తరువాతిది 2033లో. మధ్యలో అంతర్యుద్ధముల కాలమున నూరేండ్లకు పైగా ఈ మార్పు ఆగిపోయినది; మరల మొదలైనది. ఇదంతయు నేను చదివి, ఒక వింతగా మనసులో పెట్టుకొంటిని. కాని ఆమె చెప్పినది వేరు. ఆమె తాత వడ్రంగి. ఇరువదేళ్ల వయసున ఒక మారు ఆ పనిలో పెద్దల వెనుక ఉలి అందించెను. నలువదవ ఏట తాను పనిచేసెను. అరువదవ ఏట కుఱ్ఱవారికి చూపించెను. మనిషి జీవితమునకు మూడు మారులు. "అందుకే ఇరువది యేండ్లు" అని ఆమె అన్నది. రాతిని నమ్మినవారము మనము. చేతిని నమ్మినవారు వారు. రాతికి నేర్పనక్కర లేదు గనుక మనము నేర్పుట మరచితిమి. కఱ్ఱ కుళ్లును గనుక వారు నేర్పకుండ ఉండలేకపోయిరి. గడువనునది దేవునికి అవమానమని నేననుకొంటిని. గడువే ఆ గుడికి ఆయువు పోయుచున్నది.

ఇదే దేవత పేర ఈ సింగపూరులో ఒక మందిరముండెనని ఆమెకు తెలియునో లేదో నేనడుగలేదు. 1942లో జపాను సేన ఈ దీవిని పట్టుకొని, మూడున్నరేండ్లు పాలించి, ఇక్కడి ప్రజలను, విశేషించి చీనీయులను, ఘోరముగా హింసించినది. ఆ కాలమున మాక్‌రిచీ చెరువు వెనుకటి అడవిలో, యుద్ధఖైదీలచే పనిచేయించి, షోనాన్ జింజా యను గుడిని కట్టించిరి. 1945లో ఓడిపోవునప్పుడు తామే దానిని కూల్చివేసికొనిరి. నేడు అడవిలో చేతులు కడుగుకొనుటకు ఉంచిన రాతితొట్టి వంటి అవశేషములు తప్ప మరేమియు లేవట. మూడేండ్ల గుడి! ఇసేలో పదమూడు శతాబ్దములు నిలిచిన అమ్మవారే ఇక్కడ మూడేండ్లు నిలువలేదు. కత్తి తెచ్చిన దేవునికి పరిచర్య చేయువాడు మిగులడు. మునీశ్వరుని పాకను ఎవరును కూల్చలేదు. కూల్చవలసి వచ్చినప్పుడు ఎత్తుకొని పోయినారు.

ఆమె చెప్పిన మరియొక చోటికి మేమిద్దరము కుటుంబములతో కలిసి పోతిమి. హౌగాంగ్ ప్రాంతములో, ఇండ్ల వరుసల నడుమ, 1891 నాటి జపాను శ్మశానవాటిక ఉన్నది. 910 సమాధులు. కాగితపుపూల పందిళ్లు, ఒక మహావృక్షము, గుండ్లవలె నేలలోనుండి కొంచెము పైకి వచ్చిన చిన్నరాళ్లు. ఆ చిన్నరాళ్లలో ఎక్కువ భాగము పేదరికముచే అమ్ముడుపోయి ఈ ఊరి వేశ్యావాటికలలో బ్రదుకు గడపి ఇక్కడనే పోయిన పడుచులవి. కొన్నిటి మీద పేరును లేదు. ఆ ఇల్లాలు అక్కడ నిలిచి, సంచిలో నుండి నీళ్లసీసా తీసి, పేరులేని రాళ్ల మీద ఒక్కొక్కదానిమీద కొంచెము కొంచెము నీళ్లు పోసినది. మనము తర్పణము వదలునప్పటి వలెనే. నా భార్య కండ్లు తుడుచుకొన్నది. నేను పక్కకు తిరిగితిని.

అదే తోటలో ఒతొకిచి యను నాతని గుర్తుగా ఒక రాయి ఉన్నది. 1832లో పిల్లవాడుగా ఒక సరకు ఓడమీద బయలుదేరి, తుఫానులో చుక్కాని పోయి, పధ్నాలుగు నెలలు పసిఫిక్ సముద్రము మీద కొట్టుకొనిపోయి, అమెరికా తీరమున మరి ఇద్దరితో ఒడ్డు చేరినవాడు. లండను చూచెను. 1837లో ఒక ఓడమీద స్వదేశము చేరబోగా, తీరము నుండి ఫిరంగులు పేల్చి వెళ్లగొట్టినారు; పరదేశమున తిరిగినవానికి ఆనాటి జపానులో ప్రవేశము లేదు. 1862లో సింగపూరు చేరి, 1867లో ఇక్కడనే కన్ను మూసెను. ఈ ఊళ్లో కాపురమున్న మొదటి జపానువాడని ఆయనకు పేరు. 2005లో ఆయన అస్థికలలో కొంత భాగమును స్వగ్రామమునకు తీసికొనిపోయినారు. కన్ను మూసిన నూటముప్పదియెనిమిది యేండ్లకు ఇల్లు చేరినాడు. ఫుతబతెయ్ షిమెయ్ యను నవలాకారునకును అక్కడ స్మారకమున్నది. రష్యా నుండి తిరిగి వచ్చుచు, 1909లో ఓడమీద, మన బంగాళాఖాతములో పోయినాడు. కళింగపట్నపు దీపస్తంభమునకు ఎదుటనున్న సముద్రమే అది. ఆ నీటి మీద పోయిన ప్రాణమునకు ఇక్కడ చితి పేర్చినారు.

ఆ రాత్రి ఇల్లు చేరి నేను మన వైపు గుడులను మరల తలచుకొంటిని. ఆచంద్రార్కమని చెక్కిన మన రాళ్లకు మాత్రము తరలుట తెలియదా? 1955లో పునాది పడిన నాగార్జునసాగరము కొఱకు విజయపురి లోయ మునుగబోగా, ఇక్ష్వాకుల కాలమునాటి చైత్యములను, విహారములను త్రవ్వి తీసి, కొండమీదికిని అనుపునకును చేర్చి నిలిపినారు; ఒకనాటి ఆ కొండ నేడు దీవి. శ్రీశైలము జలాశయము పెరిగినప్పుడు కృష్ణాతుంగభద్రా సంగమము వద్దనున్న కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విడదీసి, ప్రతి రాతి మీదను అంకె వేసి, అలంపురమునకు తెచ్చి, అదే వరుసలో మరల పేర్చినారు. నేను అలంపురములో ఆ గుడిచుట్టు ప్రదక్షిణము చేసినవాడనే. కాని అప్పుడు, ఇది అసలు చోటు కాదు గదా, నీళ్లలో మునిగినదే అసలు గుడి గదా అని మనసులో ఒక కొరత ఉండెను. క్లెమెంటిలో ఇన్నేండ్లున్న తరువాత ఆ కొరత పోయినది. అసలు చోటు ఏది? రాతికి అంకె వేసినవాని చేయి అసలుదే. రాళ్లను మరల పేర్చునప్పుడు చెమటోడ్చిన కూలీ వీపు అసలుదే. మరునాడు ఉదయము నీళ్లు తెచ్చి లింగము మీద పోసిన పూజారి యొక్క చెంబు అసలుది. ప్రాచీనత యనునది పరిచర్యకు మరియొక పేరని నా నమ్మకము. ఆచంద్రార్కమని చెక్కించిన రాజు తెలివితక్కువవాడు కాడు. తాను చెప్పినది రాతిని గూర్చి యని మనమే పొరబడితిమి. అతడడిగినది దీపమును గూర్చి. నేతికి గొఱ్ఱెలను, గొఱ్ఱెలకు కాపరిని, కాపరికి మాన్యమును ఏర్పరచి, తరువాత సూర్యచంద్రుల మాట ఎత్తెను.

ఇంత తిరిగిన తరువాత నేను ప్రతిదినము దాటిపోవు ఒక చిన్న గుడిని ఆలస్యముగా చూచితిని. మా భవనమునకును అంగడికిని నడుమ, నిద్రగన్నేరు చెట్టు మొదట, ఎఱ్ఱరంగు వేసిన రేకు గూడు. నా మోకాలెత్తు ఉండదు. లోపల తెల్లగడ్డపు భూమిదేవుడు, జానెడు బొమ్మ, ఒక చేతిలో బంగారపు ముద్ద. ముందు ఇసుక నింపిన మైలో డబ్బాలో గుచ్చిన ధూపపు కడ్డీలు, మూడు కమలాపండ్లు, పాలు లేని కాఫీ చిన్న గ్లాసుతో. ఆ పక్కన, ఎవరో ఇల్లు ఖాళీ చేయుచు విడిచిపెట్టిన మట్టివినాయకుడు. తొండము కొసన కొంచెము విరిగినది. అతనికిని ఒక కడ్డీ వెలుగుచున్నది. చీనా ముసలమ్మ ఒకతె ప్రతి సాయంకాలము వచ్చి బూడిద దులిపి, కాఫీ మార్చి పోవును. ఇక్కడి అలవాటు చొప్పున నేను ఆమెను ఆంటీ యని పిలుచుదును. ఆమె నన్ను బాస్ అనును. అంతకు మించి మా ఇద్దరికి ఉమ్మడి మాట లేదు. ఈ గూటికి కౌలు లేదు, కాగితము లేదు. చెట్టు ఉన్నంతవరకు ఉండును.

మొన్న మా అమ్మకు ఎనుబది నాలుగు నిండినవి. ఫోనులో మరల అడిగినది. నేను మారియమ్మను, పెరుమాళ్లను, మునీశ్వరుని వరుసగా చెప్పి, చివరకు ఈ ఎఱ్ఱగూటి సంగతియు చెప్పితిని. ఇది పాతది కాదమ్మా, నిన్నమొన్నటిది అంటిని. ఆమె దానిని పట్టించుకొనలేదు. "దీపం ఎట్టేవోళ్లున్నారేట్రా?" అన్నది. "ఒక ముసలావిడ పెడుతుందమ్మా. నాలుగు రోజుల నుంచి రావటం లేదు, కూతురింటికి వెళ్లినట్టుంది." "మరి నువ్వేటి చేస్తన్నావు?"

ఆ సాయంకాలమే 448వ నంబరు భవనములోని అంగడిలో మూడు కమలాపండ్లు కొని, కాఫీ కట్టించుకొని, చెట్టు దగ్గరకు పోతిని. డబ్బాలోని బూడిదను కడ్డీతో కదిలించి, పైకి వచ్చిన పుల్లలను ఏరితిని. మొదటి అగ్గిపుల్ల గాలికి ఆరినది. రెండవది అంటుకొన్నది. వినాయకునికి ఒకటి, ముసలి దేవునికి మూడు. పాత పండ్లను ఏమి చేయవలెనో తెలియక, చేతిలో పట్టుకొని అమ్మకు ఫోను చేసితిని. "పెసాదమేరా, పారేత్తావేటి, తినీ" అన్నది. మా భవనము అడుగున ఖాళీగా విడిచిన వాయిడ్ డెక్కులోని రాతిబల్ల మీద కూర్చుండి ఒకటి వలిచితిని. నాలుగు దినముల ఎండకు తొక్క బిగిసినది. తొనలు మాత్రము తీయగనే ఉన్నవి.